గువ్వలచెరువు ఘాట్‌లో పెడల్ దిగిపోయింది: మా 1977 అంబాసిడర్‌కి డిస్క్ బ్రేకులు వేయించిన కథ

రాయచోటి నుంచి కడపకి వచ్చేటప్పుడు గువ్వలచెరువులో ఆగి పాలకోవా కొనకుండా వచ్చేవాళ్లు తక్కువ. మేమూ ఆగాం. మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. మా 1977 అంబాసిడర్‌లో నేను డ్రైవింగ్, పక్కన నాయన, వెనక అమ్మ, చెల్లెలు, నాలుగు సంచుల మామిడికాయలు. కోవా డబ్బా డ్యాష్‌బోర్డ్ మీద పెట్టుకుని ఘాట్ దిగడం మొదలుపెట్టాం.

మొదటి రెండు మలుపులకి ఏమీ తెలియలేదు. ఆ తర్వాత బ్రేక్ పెడల్ రోజూ ఆగే చోట ఆగకుండా ఇంకొంచెం కిందికి పోయింది. తర్వాతి మలుపుకి ఇంకా కిందికి. కాలిన వాసన వచ్చింది. ముందు సిమెంట్ లారీ మెల్లగా పోతోంది, మేం మాత్రం దానికి దగ్గరవుతూనే ఉన్నాం. నాయన అరవలేదు. "సెకండ్‌లో ఎయ్, హ్యాండ్‌బ్రేక్ కొద్దికొద్దిగా లాగు" అన్నాడు, అంతే. ఇంజిన్ గట్టిగా ఏడ్చింది గానీ బండి నెమ్మదించింది. కొండ వైపు మట్టి అంచుకి చేర్చి ఆపాం. అరగంట తర్వాత పెడల్ నొక్కితే మళ్లీ మామూలుగానే ఉంది, అసలేమీ జరగనట్టు.

ఫోన్ హీటెక్కితే ప్రాసెసర్ స్పీడ్ తగ్గించుకుంటుంది కదా, మనం దాన్ని థ్రాట్లింగ్ అంటాం. ఆ రోజు మా బ్రేకులకి జరిగింది కూడా అలాంటిదే. ఫోన్‌లో అయితే గేమ్ ఫ్రేమ్ రేట్ పడిపోతుంది. ఇక్కడ ముందు లారీ ఉంది.

కర్నూలు చేరిన మర్నాడే డిస్క్ బ్రేకులు వేయించాలని డిసైడ్ అయ్యాను. ఎప్పుడూ ఫోన్ల మీద రాసే నేను ఈసారి దీని గురించి రాయడానికి కారణం ఏంటంటే, ఈ పనిని నేను మొదటిసారి పూర్తిగా తప్పుగా చేయించాను. అది చెబితే కనీసం ఒకరైనా అదే తప్పు చేయకుండా ఉంటారని.

అసలు ఘాట్‌లో ఏం జరిగింది

బ్రేక్ చేసే పని ఒక్కటే: బండి వేగాన్ని వేడిగా మార్చి గాల్లోకి వదలడం. ఇక్కడ చిన్న లెక్క ఉంది. 80 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారుని పూర్తిగా ఆపితే కొంత వేడి పుడుతుంది. అదే కారు ఇంజిన్ సాయం లేకుండా, స్పీడ్ పెరగకుండా 100 మీటర్ల ఎత్తు దిగితే దానికి దాదాపు నాలుగు రెట్లు వేడి పుడుతుంది. కారు బరువు ఎంతైనా ఈ నిష్పత్తి మారదు, లెక్కలో బరువు రెండు వైపులా కొట్టుకుపోతుంది. కడప వైపు దిగేటప్పుడు నేను ఇంజిన్‌ని టాప్ గేర్‌లో వదిలేసి మొత్తం భారం బ్రేకుల మీదే వేశాను. అంటే విరామం లేకుండా 80 నుంచి మళ్లీ మళ్లీ ఆపినట్టే.

డ్రమ్ బ్రేక్‌లో ఆ వేడి ఒక మూసిన గిన్నెలో పుడుతుంది. లోపల రెండు షూలు బయటికి జరిగి డ్రమ్ గోడకి రుద్దుకుంటాయి. వేడికి డ్రమ్ వ్యాకోచిస్తుంది, అంటే షూల నుంచి దూరంగా జరుగుతుంది. అందుకే పెడల్ కిందికి పోతుంది. డిస్క్‌లో ఇది రివర్స్. వేడికి డిస్క్ మందం పెరిగినా అది ప్యాడ్‌ల వైపే పెరుగుతుంది. పైగా డిస్క్ రెండు ముఖాలూ గాలికి తెరిచే ఉంటాయి.

డ్రమ్‌కి ఒక తెలివి కూడా ఉంది, దాన్ని తక్కువ చేయకూడదు. తిరిగే దిశకి ఎదురుగా ఉండే షూని డ్రమ్ తనే లోపలికి లాక్కుంటుంది, తలుపు కింద చెక్కముక్క పెడితే తలుపు నెట్టేకొద్దీ బిగుసుకున్నట్టు. దాన్ని లీడింగ్ షూ అంటారు. అందుకే అంబాసిడర్ లాంటి బరువు బండి బూస్టర్ లేకుండా, మనిషి కాలి బలంతోనే ఆగేది. కానీ ఈ తెలివికి ధర ఉంది. వేడికి షూ పట్టు కొంచెం తగ్గితే బ్రేక్ బలం చాలా ఎక్కువ తగ్గుతుంది. రెండు చక్రాల్లో ఒకదాంట్లో ముందు తగ్గితే బండి ఒక పక్కకి లాగుతుంది. డిస్క్‌కి ఈ సొంత సాయం ఉండదు, అందుకే పట్టు తగ్గినా అంత దారుణంగా పడిపోదు. కానీ ఆ సాయం లేనందుకే దానికి ఎక్కువ ప్రెషర్ కావాలి. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి, నేను గుర్తుపెట్టుకోలేదు.

చాలామంది "సీమ ఎండలకి బ్రేకులు ఫెయిలవుతాయి" అంటారు. నాకు అది సాకులా అనిపిస్తుంది. బయట 44 డిగ్రీలున్నా 30 ఉన్నా తేడా 14 డిగ్రీలే. ఘాట్‌లో బ్రేకులు చేరే వేడి ముందు అది ఎంత? నిజమైన దొంగ డబ్బాలోని పాత బ్రేక్ ఆయిల్. అది తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని స్టాండర్డ్. తేమ చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కి ఈ అంకెలు 230, 155. ఆయిల్ మరిగితే లైన్‌లో ఆవిరి బుడగలు వస్తాయి, కాలు నొక్కిన బలమంతా ఆ బుడగల్ని నలపడానికే పోతుంది. మా బండిలో ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చారని నాయన్ని అడిగితే, "మీ చెల్లెలు పుట్టినప్పుడేమో" అన్నాడు. చెల్లెలు డిగ్రీ సెకండ్ ఇయర్.

1953

డిస్క్ బ్రేక్ కొత్త ఐడియా ఏమీ కాదు. ఇంగ్లండ్‌లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే పేటెంట్ తీసుకున్నాడు. అప్పటి లోహాలకి, అప్పటి రోడ్లకి అది నిలబడలేదు. 1953 జూన్‌లో ఫ్రాన్స్‌లోని లె మాన్ 24 గంటల రేసుని జాగ్వార్ సి-టైప్ డన్‌లప్ డిస్క్ బ్రేకులతో గెలిచాకే ప్రపంచం తిరిగి చూసింది. రాత్రంతా, తెల్లారేదాకా మలుపు మలుపుకీ గట్టిగా బ్రేక్ వేసినా అవి నిలబడ్డాయి. అదే ఏడాది అక్టోబర్ 1న మా కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. రెండిటికీ సంబంధం ఏమీ లేదు, ఊరికే చెప్పాలనిపించింది.

అంబాసిడర్‌కి మూలం బ్రిటన్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. హిందుస్థాన్ మోటార్స్ దాన్ని ఉత్తరపారాలో 1950ల చివర్లో మొదలుపెట్టి 2014 దాకా చేసింది. బయట లోకం డిస్కులకి మారిపోయిన చాలా ఏళ్ల తర్వాత కూడా ఇవి నాలుగు చక్రాలకీ డ్రమ్ములతోనే వచ్చాయి. చివరి తరం బండ్లకి మాత్రం ముందు డిస్కులు, వాక్యూమ్ బూస్టర్ వచ్చాయి. కన్వర్షన్‌కి ఇదే పెద్ద ప్లస్ పాయింట్. వేరే కంపెనీ కారు భాగాలు తెచ్చి వెల్డింగ్ చేయాల్సిన పని లేదు. అదే వంశంలో తమ్ముడి దగ్గర నుంచి తెచ్చుకోవచ్చు.

నా తప్పు

స్క్రాప్‌కి వచ్చిన ఒక చివరి తరం అంబాసిడర్ నుంచి ముందు స్టబ్ యాక్సిల్స్, హబ్బులు, డిస్కులు, క్యాలిపర్లు దొరికాయి. బూస్టర్, మాస్టర్ సిలిండర్ కూడా తీసుకోమని అమ్మేవాడు అన్నాడు. నేను బేరం తెగక వదిలేశాను. "డిస్క్ ఉంటే చాలు కదా" అనుకున్నా. కొత్త ఫోన్ ఫాస్ట్ చార్జింగ్ అని కొని, పాత కేబుల్‌తోనే పెట్టుకునేవాళ్లని ఇదే సైట్‌లో ఎన్నిసార్లు ఎగతాళి చేశానో!

ఒక షెడ్డులో రెండు రోజుల్లో బిగించేశారు. పేరు అనవసరం. వాళ్లు నేను అడిగిందే చేశారు. మొదటి రోజు టౌన్‌లో బ్రహ్మాండంగా ఉంది, పెడల్ కొంచెం గట్టిగా నొక్కాల్సి వస్తోంది, అంతే. మూడో రోజు నంద్యాల వైపు ఒక ఇరవై కిలోమీటర్లు పోయేసరికి బండి లాగడం లేదు. టీ కొట్టు దగ్గర ఆపి చూస్తే ముందు చక్రాల నుంచి సెగ కొడుతోంది. మళ్లీ బయలుదేరుదామని పెడల్ నొక్కితే స్పాంజిలా ఉంది. ఘాట్ లేదు, లోడ్ లేదు, చదునైన రోడ్డు. డ్రమ్ములతో ఇన్నేళ్లలో ఎప్పుడూ కానిది డిస్కులతో మూడో రోజే అయింది.

అప్పుడు వెళ్లాను మా కాలనీ వెనక షెడ్డు భాయ్ దగ్గరికి. లారీలు, జీపులు చేసే మనిషి. చక్రం జాకీ మీద ఎత్తి చేత్తో తిప్పాడు, తిరగలేదు. క్యాలిపర్ దగ్గర బ్లీడర్ నట్టు పావు చుట్టు వదిలాడు. చిన్న పిచికారీలా ఆయిల్ చిమ్మింది, చక్రం వదులైంది. "పెడల్ మీద కాలు లేకున్నా లైన్‌లో ప్రెషర్ నిలబడుండాది చూడబ్బా. ఇది డ్రమ్ము మాస్టరు. దీంట్లో వాల్వు ఉంటాది" అన్నాడు.

విషయం ఇదీ. డ్రమ్ బ్రేకుల మాస్టర్ సిలిండర్‌లో రెసిడ్యువల్ వాల్వ్ అని ఒకటి ఉంటుంది. కాలు తీసేసినా లైన్‌లో సుమారు 10 పీఎస్‌ఐ ప్రెషర్ నిలిపి ఉంచడం దాని పని. చక్రం దగ్గరి సిలిండర్ల రబ్బరు కప్పులు అంచులు విప్పుకుని ఉండి గాలి పీల్చకుండా అది కాపాడుతుంది. డ్రమ్‌లో షూలని వెనక్కి లాగే గట్టి స్ప్రింగులు ఉంటాయి కాబట్టి ఆ ప్రెషర్‌తో ఇబ్బంది లేదు. డిస్క్‌లో స్ప్రింగులు లేవు. పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు సీల్ సాగి వెనక్కి రావడమే దాని రిటర్న్. ఆ పది పీఎస్‌ఐ చాలు, ప్యాడ్ డిస్క్‌ని ఎప్పుడూ రాస్తూనే ఉంటుంది. రాస్తే వేడి, వేడికి ఆయిల్ వ్యాకోచించి ప్రెషర్ ఇంకా పెరుగుతుంది, ఇంకా గట్టిగా రాస్తుంది. చివరికి ఆయిల్ మరుగుతుంది. నేను గువ్వలచెరువు ఘాట్‌ని నాతోపాటు చదును రోడ్డు మీదికి తెచ్చుకున్నానన్నమాట.

సరిగ్గా చేయడం అంటే

భాయ్ పెట్టిన కండిషన్ ఒక్కటే: "చేస్తే అంతా చేద్దాం, లేకుంటే పాత డ్రమ్ములే మళ్లీ ఎక్కిస్తా." ఒప్పుకున్నా. వదిలేసిన బూస్టర్, మాస్టర్ సిలిండర్ కోసం మళ్లీ అదే స్క్రాప్ షాపుకి వెళ్లాను, ఈసారి పెడల్ సెట్‌తో సహా తీసుకున్నాను. బేరం నా వైపు లేదని వేరే చెప్పాలా? మొత్తం ఖర్చులో సగానికి పైగా బయటికి కనిపించని సామాన్లకే పోయింది.

బూస్టర్ ఎందుకు తప్పదో ఒక ఉదాహరణ చూడండి. కాలితో 30 కిలోల బలం వేశారనుకుందాం, పెడల్ లివర్ దాన్ని 5 రెట్లు చేస్తే 150 కిలోలు. మాస్టర్ సిలిండర్ బోరు 19 మిల్లీమీటర్లు అయితే లైన్‌లో ప్రతి చదరపు సెంటీమీటరుకీ దాదాపు 53 కిలోల ప్రెషర్ వస్తుంది. క్యాలిపర్ పిస్టన్లు పెద్దవి, వాటికి ఎక్కువ ఆయిల్ కావాలి, అందుకని 22 మిల్లీమీటర్ల బోరు వేశారనుకోండి. అదే కాలి బలానికి ప్రెషర్ 39 దగ్గరికి పడిపోతుంది. డిస్క్‌కి కావాల్సింది ఎక్కువ ప్రెషర్, మనకొచ్చింది తక్కువ. ఆ లోటుని పూడ్చేది బూస్టర్. అది ఇంజిన్ ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోని వాక్యూమ్‌తో పనిచేస్తుంది. మాది 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ కాబట్టి ఒక గొట్టం, ఒక వన్‌వే వాల్వ్ సరిపోయాయి. మీది డీజిల్ అంబాసిడర్ అయితే ఆ వాక్యూమ్ దొరకదు, విడిగా వాక్యూమ్ పంప్ కావాలి. ఇది చూసుకోకుండా బూస్టర్ బిగిస్తే అది ఇనుప డబ్బా మాత్రమే.

పాత మాస్టర్ సిలిండర్‌లో నాలుగు చక్రాలకీ ఒకే గది. ఎక్కడ ఒక పైపు పగిలినా నాలుగూ పోతాయి. కొత్తదాంట్లో రెండు గదులు, ముందువి పోయినా వెనకవి ఉంటాయి. నిజం చెప్పాలంటే డిస్కులకంటే నాకు ఎక్కువ ధైర్యం ఇచ్చింది ఇదే.

వెనక డ్రమ్ములు అలాగే ఉంచాం. అక్కడ ఇంకో తిరకాసు. ముందు డిస్కుల కోసం పెంచిన ప్రెషర్ వెనక డ్రమ్ములకీ పోతుంది. వాటికి అంత అక్కర్లేదు, వెనక చక్రాలు ముందే లాక్ అయి బండి తిరిగిపోతుంది. దానికి వెనక లైన్‌లో ప్రపోర్షనింగ్ వాల్వ్ పెట్టాం. ఖాళీ మట్టి గ్రౌండులో, తక్కువ స్పీడులో, ముందు చక్రాలే ముందు లాక్ అవుతున్నాయని తేలేదాకా దాన్ని తిప్పుతూ సెట్ చేశాడు భాయ్.

మిగతావి చకచకా. పాత పైపులవి ఇంచుల మరలు, కొత్త క్యాలిపర్లవి మిల్లీమీటర్ల మరలు. రెండూ ఎక్కినట్టే ఉంటాయి, ప్రెషర్ వచ్చాక ఊడతాయి. కాబట్టి లైన్లన్నీ కొత్తగా, డబుల్ ఫ్లేర్ కొట్టించి వేశాం. ఏసీ వాళ్ల దగ్గర దొరికే రాగి గొట్టం వాడొద్దు, అది అదురుకి బీటలిస్తుంది. రబ్బరు హోసులు బయటికి బాగున్నా లోపల వాచి దారి మూసేస్తాయి, మార్చేయండి. చక్రం రిమ్ముకీ క్యాలిపర్‌కీ మధ్య సందు ఉందో లేదో పైపులు వంచక ముందే చూసుకోండి. ఇంకొకటి, పాత షూల దుమ్ములో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. షెడ్డుల్లో దాన్ని గాలి కొట్టి ఊదేస్తారు. అది ఊపిరితిత్తులకి మంచిది కాదు. తడిగుడ్డతో తుడవమని అడగండి, నవ్వినా పర్లేదు.

ఫోన్‌తో టెస్ట్

మన సైట్ కదా, గ్యాడ్జెట్ లేకుండా ఎలా? జర్మనీలోని ఆఖెన్ యూనివర్సిటీ వాళ్ల ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ ఉంది, ఫోన్‌లోని యాక్సిలరోమీటర్‌ని ల్యాబ్ పరికరంలా వాడుకోనిస్తుంది. ఫోన్‌ని ఫ్లోర్ మీద డబుల్ టేప్‌తో గట్టిగా అంటించి, పొద్దున్నే ఖాళీగా ఉండే మా ఊరి రోడ్డు మీద 60 నుంచి ఆపుతూ రికార్డ్ చేశాను. హోల్డర్‌లో పెడితే హోల్డర్ ఊగేది కూడా గ్రాఫ్‌లో వస్తుంది, జాగ్రత్త. డ్రమ్ములు విప్పక ముందు రికార్డ్ చేసి పెట్టుకున్న ఫైళ్లు ఉన్నాయి కాబట్టి పోల్చడం కుదిరింది.

మొదటి స్టాప్ గ్రాఫ్‌లు పక్కపక్కన పెడితే నిరాశే. డ్రమ్ముకీ డిస్కుకీ పెద్ద తేడా లేదు. చల్లగా ఉన్నప్పుడు చక్రాన్ని లాక్ చేసే బలం రెండిటికీ ఉంది, ఆ తర్వాత హద్దు టైరుదే. భాయ్ మాటల్లో, "డిస్కు ఏసినా డ్రమ్ము ఏసినా ఆపేది టైరే." మామూలు టైరుతో 0.7 జి వస్తే 60 నుంచి ఆగడానికి 20 మీటర్లు. మీరు బ్రేక్ మీద కాలు పెట్టడానికి ఒక సెకను ఆలస్యం చేస్తే ఇంకో 17 మీటర్లు పోయినట్టే. చాట్ చూస్తూ నడిపేవాడికి ఏ బ్రేకూ సాయం చేయదు.

తేడా వరుసగా ఆపినప్పుడు వచ్చింది. డ్రమ్ముల గ్రాఫ్‌లో ఐదారు స్టాపుల తర్వాత శిఖరాలు కుంగిపోతూ వచ్చాయి, పక్కకి లాగడం కూడా రెండో యాక్సిస్‌లో కనబడింది. డిస్కులవి చివరిదాకా దాదాపు ఒకే ఎత్తు. ఈ టెస్ట్‌కి ముందు ప్యాడ్లని అలవాటు చేయడం మర్చిపోవద్దు. 60 నుంచి 15కి, పూర్తిగా ఆపకుండా, ఎనిమిది పది సార్లు, మధ్యలో చల్లారనిస్తూ.

వేడి చూడటానికి ఐఆర్ థర్మామీటర్ గన్ వాడాను. ఒక చిట్కా: మెరిసే డిస్క్ మీద నేరుగా పెడితే అది అసలు కన్నా చాలా తక్కువ చూపిస్తుంది, మెరిసే లోహం వేడిని సరిగ్గా రేడియేట్ చేయదు కాబట్టి. ప్యాడ్ తగలని మధ్యభాగంలో వేడికి తట్టుకునే నల్ల పెయింట్ చుక్క పెట్టి అక్కడ చూడండి. నాకు అంకె కంటే ఎడమ కుడి తేడా ముఖ్యం. ఒకసారి ఎడమది బాగా ఎక్కువ చూపించింది. విప్పితే క్యాలిపర్ స్లైడ్ పిన్ ఎండిపోయి ఉంది. గ్రీజు పెట్టాక సమానమైంది.

వేయించాలా వద్దా

ఊళ్లో, టౌన్‌లో తిప్పుకునే బండి అయితే వద్దంటాను. డ్రమ్ములు లేత్ మీద సమం చేయించి, కొత్త షూలు, కొత్త హోసులు, డాట్ 4 ఆయిల్ వేయించండి. ఖర్చులో చిన్న భాగం, ఫలితంలో పెద్ద భాగం. డ్రమ్ అంటే పాత చెత్త అనుకోవడం కూడా కరెక్ట్ కాదు. ఫోక్స్‌వాగన్ ఐడీ.4 లాంటి ఎలక్ట్రిక్ కార్లకి వెనక డ్రమ్ములే ఇచ్చారు. మోటారే చాలావరకు ఆపేస్తుంది కాబట్టి బ్రేక్ పని తక్కువ. పని లేని డిస్క్ తుప్పు పడుతుంది, మూసిన డ్రమ్ పట్టదు. మాలాగా లోడ్‌తో ఘాట్లు దిగేవాళ్లయితే మాత్రం వేయించుకోండి, కానీ సగం వేయించుకోవద్దు.

కాగితాల సంగతి. మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో రాసిన వివరాలు కంపెనీ ఇచ్చినదానికి భిన్నం అయ్యేలా బండిని మార్చకూడదు. పని మొదలుపెట్టక ముందే ఆర్‌టీఓ ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి. 2021లో వచ్చిన వింటేజ్ రూల్స్ 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండ్లకి వర్తిస్తాయి. మాది 2027కి ఆ వయసుకి వస్తుంది. అందుకే ఒక్క భాగం కూడా కోయలేదు, వెల్డింగ్ చేయలేదు. పాత డ్రమ్ములు, షూలు, మాస్టర్ సిలిండర్ ఆయిల్ పూసి గోనెసంచిలో కట్టి అటక మీద పెట్టాం.

పోయిన నెల మళ్లీ రాయచోటి పోయొచ్చాం. దిగేటప్పుడు ఈసారి నాయన డ్రైవింగ్. ఎక్కిన గేరులోనే దిగాలన్నది ఆయన పాత రూలు, డిస్కులు వచ్చినా దాన్ని వదల్లేదు. నాకూ అదే నచ్చింది. కింద మలుపులో వాసన లేదు, పెడల్ పైనే ఉంది. కాకపోతే ఆయన కాలు ఇంకా 1977లోనే ఉంది. ఇన్నేళ్ల అలవాటు కొద్దీ గట్టిగా తొక్కాడు, బూస్టర్ తన వంతు కలిపింది, డ్యాష్‌బోర్డ్ మీది కోవా డబ్బా వచ్చి నా ఒళ్లో పడింది. "ఇట్ల పట్టేస్తే ఎట్ల నడపాల్రా దీన్ని" అన్నాడు.